చక్కెర పడిపోయినప్పుడు తలుపులు మూయకండి

(రమజాన్‌కు ముందు మా పట్టణ షాదీఖానాలో జరిగిన ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)





రమజాన్‌కు ఇంకా రెండు నెలల వ్యవధి ఉండగానే ఈ సభ ఎందుకని కొందరు అడిగారు. దానికి కారణం ఉంది. మధుమేహం ఉండి రోజా పాటించదలచినవారు రమజాన్‌కు 6 నుంచి 8 వారాల ముందే వైద్యుణ్ణి సంప్రదించాలని నిపుణులు చెబుతారు. మందుల మోతాదు మార్చి, ఆ మార్పు శరీరానికి సరిపడిందో లేదో చూసుకోవడానికి అంత సమయం అవసరం. నెలవంక కనిపించిన రాత్రి మందుచీటీ వెతుక్కుంటే ప్రయోజనం లేదు.

నేను వైద్యుణ్ణి కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. ఈ రోజు చెప్పబోయే విషయాలు వైద్యుల దగ్గర కూర్చుని, అడిగి, రాసుకుని నేర్చుకున్నవి. ఎందుకు నేర్చుకోవలసి వచ్చిందో ముందుగా మనవి చేస్తాను.

కొన్నేళ్ళ క్రితం రమజాన్ మూడవ భాగంలో ఒక సాయంత్రం, అసర్ నమాజు అయిన తరువాత, మా భాయీజాన్ కుట్టుమిషను దగ్గర నుంచి లేచి వీధిలోకి వచ్చారు. ఆయన చాలాకాలంగా షుగర్ మాత్రలు వాడుతున్నారు. ఎన్నడూ ఒకరిని పరుషంగా మాట్లాడని మనిషి, ఆ రోజు బట్టలు తీసుకువెళ్ళడానికి వచ్చిన కుర్రవాడిపై కేకలు వేశారు. మాట తడబడుతోంది. అడుగు తూలుతోంది. చొక్కా చెమటతో తడిసి వీపుకు అంటుకుపోయింది. వీధి చివర ఎవరో, రమజాన్‌లో కూడా తాగాడా అన్నారు. ఆ మాట నా చెవిన పడింది. నేను పరుగున వెళ్ళి ఆయన భుజం పట్టుకుని లోపలికి తీసుకువచ్చి, గదిలో పడుకోబెట్టి తలుపు వేశాను. కుటుంబ పరువు కాపాడుతున్నానని అనుకున్నాను.

సుమారు ముప్పావుగంట తరువాత ఇఫ్తార్‌కు పిలుద్దామని వదినగారు తలుపు తీస్తే ఆయన స్పృహలో లేరు. ఎవరో చక్కెర నీళ్ళు తెచ్చి నోట్లో పోయబోయారు. పక్కింట్లో నర్సింగు చదువుతున్న అమ్మాయి వచ్చి గ్లాసు పట్టుకున్న చేతిని ఆపింది. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తులలోకి పోతాయని చెప్పి, ఆయనను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. తన దగ్గరి గ్లూకోమీటరుతో వేలి నెత్తురు పరీక్షించింది. 38 చూపించింది. 108 వాహనం వచ్చింది. నరానికి గ్లూకోజు ఎక్కించిన కొద్ది నిమిషాలకు ఆయన కళ్ళు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న, నా రోజా పోయిందా అని.

అల్లాహ్ దయవల్ల ఆయన బతికారు. అయితే ఆ తలుపు వేసింది నేనే. ఆ ముప్పావుగంట నా ఖాతాలో ఉంది. అందుకే ఈ విషయం మాట్లాడడానికి ఎక్కడికి రమ్మన్నా వస్తున్నాను.

పెరగడమే కాదు, తగ్గడమూ ప్రమాదమే

మన ఇళ్ళలో షుగర్ అంటే పెరిగే జబ్బు అనే అందరికీ తెలుసు. షీర్‌ఖుర్మా గిన్నె ముందు నుంచి నాన్నగారిని లేపేస్తాం. తగ్గడం గురించి మాత్రం మాట్లాడుకోం. పెరిగిన చక్కెర సాధారణంగా సంవత్సరాల తరబడి కళ్ళను, మూత్రపిండాలను, పాదాలను దెబ్బతీస్తుంది. పడిపోయిన చక్కెర కొద్దిసేపటిలోనే మనిషిని పడగొట్టగలదు.

మన మెదడు పనిచేయడానికి ప్రధానంగా రక్తంలోని గ్లూకోజు మీదనే ఆధారపడుతుంది. ఆహారం లేనప్పుడు కాలేయం తనలో నిల్వ ఉన్న చక్కెరను విడుదల చేసి ఆదుకుంటుంది. అందుకే ఆరోగ్యవంతుడు రోజంతా ఉపవాసం ఉన్నా క్షేమంగా ఉంటాడు. ఇన్సులిన్ సూది గాని, క్లోమం చేత ఇన్సులిన్‌ను బలవంతంగా విడుదల చేయించే మాత్రలు గాని వాడేవారి సంగతి వేరు. కడుపు ఖాళీగా ఉన్నా ఆ మందు తన పని తాను చేసుకుపోతుంది. కాలేయం చక్కెర వదలకుండా అడ్డుపడుతుంది కూడా.

రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే దానిని లో షుగర్‌గా పరిగణించాలి. 54 కంటే తగ్గితే తీవ్రమైన ప్రమాదం. ఈ రెండు అంకెలను దయచేసి గుర్తుంచుకోండి.

అన్ని మందులూ ఒకటి కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ప్రమాదం తక్కువ. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి ఎక్కువ. ఇక్కడొక చిక్కు ఉంది. గ్లిమెపిరైడ్‌ను, మెట్‌ఫార్మిన్‌ను కలిపి ఒకే మాత్రగా తయారుచేస్తారు. మాకు ఒక్క మాత్రే కదా అని మనం అనుకుంటాం, అందులో రెండు మందులుంటాయి. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక మాత్రల అట్ట వెనుక ఏ పేర్లున్నాయో పిల్లల చేత చదివించుకోండి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, వయసు పైబడినవారు, సరిగా తినలేనివారు మరింత జాగ్రత్తగా ఉండాలి. మూత్రపిండాలు బలహీనపడితే మందు శరీరంలో ఎక్కువసేపు నిలిచిపోతుంది.

గుర్తుపట్టడం ఎలా

లక్షణాలు రెండు రకాలు. మొదటివి శరీరం చేసే హెచ్చరికలు: చేతుల వణుకు, చల్లని చెమట, గుండెదడ, విపరీతమైన ఆకలి, పెదవుల చుట్టూ తిమ్మిరి, కారణం లేని ఆందోళన. ఈ దశలోనే మేలుకుంటే సగం ప్రమాదం తప్పినట్లే.

రెండవవి మెదడుకు చక్కెర అందక వచ్చేవి: మాట తడబడడం, చూపు మసకబారడం లేదా ఒకటి రెండుగా కనిపించడం, ఉన్నట్టుండి కోపం, పొంతన లేని మాటలు, తూలిపోవడం, ఆపైన ఫిట్స్, స్పృహ తప్పడం. ఈ దశకు చేరిన మనిషి తనకేమైందో తాను చెప్పలేడు. నాకేం కాలేదు, పొండి అని కసురుతాడు కూడా. అతని మాటను నమ్మకండి, అతని చెమటను నమ్మండి.

ఈ లక్షణాలు చూసేవారికి మద్యం మత్తులా కనిపిస్తాయి. మన సమాజంలో ఆ అనుమానమే ఒక శిక్ష. రోడ్డు మీద ఆటో పక్కకు ఆపి స్టీరింగు మీద వాలిపోయిన మనిషిని చూసి తాగుబోతు అని తప్పుకుపోయేవారున్నారు. అతని జేబులో మందుచీటీ ఉందేమో చూసేవారు తక్కువ. మధుమేహం ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, జబ్బు, వాడే మందు, ఇంటి ఫోను నంబరు రాసిన చిన్న కార్డు జేబులో ఉంచుకోవాలి. తెలుగులో రాయండి, దారిన పోయేవాడు చదవగలగాలి.

ఇంకో మాట. తరచుగా షుగర్ పడిపోయేవారిలో కొంతకాలానికి వణుకు, చెమట వంటి హెచ్చరికలు రావడం మానేస్తాయి. కొన్ని రక్తపోటు మాత్రలు కూడా గుండెదడను, వణుకును కనబడనీయవు. అటువంటివారు నేరుగా రెండవ దశలోకి జారిపోతారు. నిద్రలోనూ ఇది జరుగుతుంది. పీడకలలు, తడిసిన దిండు, ఉదయం లేవగానే తలనొప్పి ఉంటే వైద్యునికి చెప్పాలి.

ఆ క్షణంలో ఏం చేయాలి

దీనికి వైద్యులు చెప్పే సూత్రం 15, 15. మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల త్వరగా పనిచేసే తీపి ఇవ్వాలి. 3 చెంచాల గ్లూకోజు పొడి గాని, 3 చెంచాల చక్కెర గాని నీళ్ళలో కలిపి తాగించండి. లేదా ఒక పెద్ద చెంచా తేనె, లేదా సుమారు 150 మిల్లీలీటర్ల పండ్లరసం ఇవ్వండి. 15 నిమిషాలు ఆగి మళ్ళీ పరీక్షించండి. ఇంకా 70 కంటే తక్కువ ఉంటే మళ్ళీ అంతే ఇవ్వండి. గ్లూకోమీటరు లేదని ఆగిపోకండి. లక్షణాలు కనిపిస్తే ముందు తీపి ఇవ్వండి, పరీక్ష తరువాత. షుగర్ కొద్దిగా పెరిగితే సరిదిద్దుకోవచ్చు, మెదడు దెబ్బతింటే సరిదిద్దలేం.

చాక్లెట్, ఐస్‌క్రీం, మిఠాయి ఈ సమయంలో పనికిరావు. వాటిలోని కొవ్వు తీపిని త్వరగా రక్తంలో కలవనీయదు. చక్కెర లేని డైట్ పానీయాల వల్ల ఏ ఉపయోగమూ లేదు. ఖర్జూరంతో రోజా విరమించడం మనకు సున్నత్, కాని షుగర్ పడిపోయిన మనిషికి నమలవలసిన దానికంటే ముందు గ్లూకోజు నీళ్ళు మేలు. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వాడేవారిలో ఇంటి చక్కెర ఆలస్యంగా పనిచేస్తుంది. వారి కోసం గ్లూకోజు పొడే ఇంట్లో ఉంచాలి.

తేరుకున్న తరువాత రొట్టె, బిస్కెట్లు, పాలు వంటివి తినిపించాలి. లేకపోతే మళ్ళీ పడిపోవచ్చు. ఆ తరువాత కనీసం ముప్పావుగంట బండి నడపకూడదు, యంత్రం ముందు కూర్చోకూడదు.

స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, పెట్టకండి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. షుగర్ పేషెంటు అని ముందే చెప్పండి. ఇన్సులిన్ ఇవ్వవద్దు. పైన చెప్పిన మాత్రల వల్ల షుగర్ పడిపోతే అది తేరుకున్న కొన్ని గంటలకు మళ్ళీ పడిపోవచ్చు. అందుకే ఆసుపత్రిలో ఒక రోజు ఉంచుతామంటే, బాగానే ఉన్నాడు కదా అని ఇంటికి తెచ్చుకోకండి. మా భాయీజాన్‌కు ఆ రాత్రే మరోసారి పడిపోయింది. ఆసుపత్రిలో ఉన్నారు గనుక తెలిసింది.

రోజా సంగతి

ఇప్పుడు అందరి మనసులో ఉన్న ప్రశ్నకు వస్తాను. 2001లో 13 దేశాలలో, 12 వేల మందికి పైగా మధుమేహ ముస్లింలపై ఎపిడియార్ అనే అధ్యయనం జరిగింది. రమజాన్ నెలలో తీవ్రమైన లో షుగర్ ఘటనలు టైప్-1 వారిలో 4.7 రెట్లు, టైప్-2 వారిలో 7.5 రెట్లు పెరిగినట్లు అందులో తేలింది. దీని అర్థం రోజా హానికరమని కాదు. మందు మార్చుకోకుండా, పరీక్ష చేసుకోకుండా రోజా ఉండడం హానికరమని.

దివ్య ఖుర్ఆన్ అల్ బఖర సూరాలో ఉపవాసాన్ని విధిగా చేసిన ఆయతుల వెంటనే, 184, 185 ఆయతులలో, వ్యాధిగ్రస్తునికి, ప్రయాణికునికి మినహాయింపు ఉంది. ఆ రోజాలను తరువాత పూర్తిచేసుకోవచ్చు. ఎన్నటికీ పూర్తిచేయలేని స్థితిలో ఉన్నవారికి, పేదవానికి అన్నం పెట్టే ఫిద్యా మార్గం ఉంది. ఎవరికి ఖజా, ఎవరికి ఫిద్యా అన్నది ఆలిమ్‌లను అడగండి. ఎవరి శరీరం రోజాకు తట్టుకోగలదన్నది వైద్యుణ్ణి అడగండి. ఈ రెండు ప్రశ్నలనూ ఇరుగుపొరుగును అడగకండి.

గత 3 నెలల్లో షుగర్ తీవ్రంగా పడిపోయినవారు, హెచ్చరిక లక్షణాలు తెలియనివారు, డయాలసిస్ చేయించుకుంటున్నవారు, ఇన్సులిన్ వాడే గర్భిణులు రోజా ఉండకూడదనే వైద్యులు సలహా ఇస్తారు. మిగిలినవారిలో చాలామంది తగిన మార్పులతో ఉండగలరు. సాధారణంగా పెద్ద మోతాదును ఇఫ్తార్‌కు మార్చి, సహరీ మోతాదును తగ్గిస్తారు. ఎంత తగ్గించాలో వైద్యుడే నిర్ణయించాలి, మనం సొంతంగా మాత్ర విరవకూడదు. సహరీ మానకూడదు, వీలైనంత ఆలస్యంగా చేయాలి. మన ప్రాంతంలో రోజా 13, 14 గంటలు సాగుతుంది. ఎక్కువ ప్రమాదం మధ్యాహ్నం తరువాత, ఇఫ్తార్‌కు ముందు గంటలలో. ఆ వేళ బరువు పని పెట్టుకోకండి.

వేలి నెత్తురు పరీక్ష వల్ల రోజా భంగం కాదు. ఇన్సులిన్ సూది వల్ల కూడా కాదని ఉలమాలలో అత్యధికుల అభిప్రాయం. రోజాలో ఉండగా 70 కంటే తగ్గినా, 300 దాటినా, లక్షణాలు కనిపించినా వెంటనే విరమించాలి. ఇఫ్తార్‌కు 10 నిమిషాలే ఉంది కదా అని ఆగకూడదు. ప్రాణాలు పోయే సందర్భాలు ఆ 10 నిమిషాలలోనే ఉంటాయి.

భాయీజాన్ అడిగిన ప్రశ్నకు ఆసుపత్రికి వచ్చిన మౌలానా గారు ఇచ్చిన జవాబు ఇది: నీ శరీరం అల్లాహ్ నీ దగ్గర ఉంచిన అమానత్. దానిని కాపాడుకోవడం కోసం రోజా విరమించావు, అది నీ బలహీనత కాదు. ఆ మాట విన్నాక ఆయన ముఖం తేటపడింది. అటువంటి మాట రమజాన్ మొదటి జుమా ఖుత్బాలోనే వినిపిస్తే ఎందరో ప్రాణభయం లేకుండా ఉంటారు. మసీదు కమిటీల పెద్దలకు ఇది నా విన్నపం.

మన తల్లుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సహరీకి అందరికంటే ముందు లేచి, అందరికీ వడ్డించి, తాము రెండు ముద్దలు తిని నీయత్ చేసుకుంటారు. సాయంత్రం పొయ్యి ముందు నిలబడి చెమట పడితే అది వంటగది వేడి అనుకుంటారు. అమ్మీ షుగర్ పరీక్ష చేసుకుందా అని ఇంట్లో ఎవరైనా రోజుకొకసారి అడగాలి.

ఇది హక్కు కూడా

ఇదంతా మన జాగ్రత్త. ప్రభుత్వ బాధ్యత కూడా ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2019లో విడుదల చేసిన అత్యవసర పరీక్షల జాబితాలో రక్తంలో గ్లూకోజు పరీక్ష గ్రామ స్థాయి ఉపకేంద్రం వరకు ఉంది. ఇన్సులిన్ జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉంది. మన బస్తీ దవాఖానాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్ట్రిప్పులు అయిపోయాయంటే మౌనంగా తిరిగి రాకండి. తేదీ వేసి ఒక అర్జీ రాసి, నకలుపై ముద్ర వేయించుకోండి. గుమాస్తాగా చెబుతున్నాను, నోటి మాటకు ఫైలు కదలదు, ముద్ర పడిన కాగితానికి జవాబు చెప్పక తప్పదు.

అత్యవసర వైద్యం నిరాకరించడం 21వ అధికరణ కింద జీవించే హక్కుకు భంగమని సుప్రీంకోర్టు 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో తీర్పు చెప్పింది. మన జబ్బేమిటో, మందేమిటో మనకు అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం రోగి హక్కని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతుంది. నేను రోజా ఉంటాను, నా మందు ఎలా మార్చాలి అని అడగడానికి సంకోచించకండి. అది మతం గురించిన వాదన కాదు, చికిత్సకు అవసరమైన సమాచారం. టైప్-1 మధుమేహం ఉన్న పిల్లలు బోర్డు పరీక్ష గదిలోకి గ్లూకోజు మాత్రలు, తినుబండారాలు తీసుకువెళ్ళడానికి సీబీఎస్ఈ అనుమతిస్తుంది. మీ పిల్లల పాఠశాలలోనూ ఈ విషయం ముందుగానే రాతపూర్వకంగా అడగండి.

చివరిగా మూడు పనులు అప్పగిస్తాను. ఒకటి, ఈ వారంలోనే మందుల అట్టలతో వైద్యుణ్ణి కలవండి. రెండు, ప్రతి ఇంట్లో, ప్రతి దుకాణంలో, ప్రతి మసీదు అల్మారాలో ఒక గ్లూకోజు పొట్లం ఉంచండి. మూడు, 70, 15, 108 అనే మూడు అంకెలను పెద్ద అక్షరాలతో రాసి వంటింటి గోడకు అంటించండి.

ఆ సంఘటన తరువాత మా భాయీజాన్ చాలా రోజులు మసీదులో తన పాత చోట కూర్చోలేదు. వీధిలో ఆ రోజు పుట్టిన మాట ఇంకా తిరుగుతూనే ఉందని ఆయనకు తెలుసు. ఒక జుమా నాడు నేను లేచి జరిగినదంతా, నేను తలుపు వేసిన సంగతితో సహా, అందరికీ చెప్పాను. నమాజు అయ్యాక ఆ రోజు ఆ మాట అన్న పెద్దమనిషి వచ్చి ఆయన చేతులు పట్టుకున్నారు. తన ఇంట్లోనూ షుగర్ ఉన్నవారున్నారట. గ్లూకోజు ఎంత కలపాలని అడిగారు. 3 చెంచాలని భాయీజానే చెప్పారు.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, ఒకరి బాధను ఒకరు సరిగా గుర్తించే మనసును ప్రసాదించుగాక. ఆమీన్.

వ ఆఖిరు దావానా అనిల్ హమ్దులిల్లాహి రబ్బిల్ ఆలమీన్.